సాంకేతిక కారణాల వల్ల

జూన్ 2, సోమవారం

పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమే. ప్రతి మార్చిలో ఇంకో ఏడాది ఉండమని ఒక కాగితం వస్తుంది. ఈ రోజు మా కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్ గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు. ఏదో బరువు నెత్తిన పెట్టబోతున్నాడని అప్పుడే అనుకున్నాను.

"పాత సర్వర్ని ఈ నెల ఇరవై తొమ్మిదికి ఆపేయాలమ్మా. కొత్తవి నాలుగొచ్చాయి. యూనివర్సిటీ సైట్లన్నీ వాటిలోకి మార్చాలి. ఎన్నుంటాయి?"

"నూట అరవై మూడు సార్."

"అన్నున్నాయా!" అన్నాడు. తన సెంటర్లో ఎన్ని సైట్లున్నాయో తెలియని డైరెక్టర్!

"జూలై ఇరవై రెండున పోస్టుల కమిటీ కూర్చుంటుంది. పర్మనెంటుకి నీ పేరే పెడుతున్నా. కానీ ఒక్క ఫిర్యాదు కూడా రాకూడదు. వచ్చిందంటే నా చేతుల్లో ఏం ఉండదు, ముందే చెప్తున్నా."

"ఇద్దరు మనుషుల్ని ఇవ్వండి సార్."

"నువ్వుండగా ఇంకొకళ్లెందుకమ్మా?"

నన్ను పొగుడుతున్నట్టే ఉంటుంది, మనిషిని మాత్రం ఇవ్వడు. పాత సర్వర్ని మేమందరం పెద్దాయన అంటాం. పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే తప్ప నడవడు. చూస్తుంటే పెద్దాయన కంటే ముందు నేనే పోయేట్టున్నాను.

పర్మనెంటు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు వీధి మొత్తానికి చెప్తారు.

జూన్ 5

నూట అరవై మూడు సైట్లు, నూట అరవై మంది బాధ్యులు. అందరికీ ఉత్తరం పంపాను. మీ సైట్ కొత్త సర్వర్‌లోకి మార్చాలా, వద్దా? ఒక్క మాట రాస్తే చాలు.

పంతొమ్మిది జవాబులు వచ్చాయి. అందులో ఏడుగురు "మాకు సైట్ ఉందా?" అని అడిగారు. ఒకాయన పాస్‌వర్డ్ నన్ను చెప్పమన్నాడు, నాకెలా తెలుస్తుందయ్యా బాబూ! ఒకావిడ, కొత్త సర్వర్లోనైనా మా శాఖ పేరు బంగారు రంగులో తిరుగుతూ కనిపించాలని కోరింది. మారుద్దామా వద్దా అన్నది మాత్రం ఆవిడా చెప్పలేదు.

జూన్ 6

ఇంకా పంతొమ్మిదే. గోడకి చెప్పుకున్నా నయం.

జూన్ 9

కౌంటర్ ప్రొఫెసర్ దిగాడు. ఆయన పేజీ అడుగున "ఇప్పటివరకు చూసినవారు" అని ఒక అంకె ఉంటుంది. 4,87,212. ఆ అంకె ఒక్కటి కూడా తగ్గకుండా కొత్త సర్వర్‌కు రావాలట.

"అది నా ఇరవై ఏళ్ల కృషి అమ్మా. పదోన్నతి కాగితాల్లో కూడా రాసుకున్నాను."

కృషి! మూడేళ్ల కిందట నేనే పట్టుకున్నాను, ఆయన తన గదిలో కూర్చుని తన పేజీని తనే రోజుకి రెండు వందల సార్లు తెరుచుకుంటున్నాడని. మొహం మీద అనలేక, ఒళ్లు మండి, ఒక చిన్న జల్లెడ రాసి పెట్టాను. క్యాంపస్ లోపలి నుంచి ఎవరు చూసినా లెక్కలోకి రారు, బయటివాళ్లే వస్తారు. ఆయన ఒక్కడికే పెడితే దొరికిపోతానని అన్ని సైట్లకూ పెట్టాను. ఆ రోజు నుంచి ఆయన కౌంటర్ నత్తలా నడుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఆయన మొహం చూసినప్పుడల్లా నాకు కడుపు చల్లగా ఉంటుంది.

"అలాగే సార్, అంకె జాగ్రత్తగా తెస్తాను," అన్నాను.

జూన్ 11

జవాబులివ్వని వాళ్ల సైట్ల మీద పైన నోటీసు పెట్టాలనుకున్నాం. "ఈ సైట్ జూన్ 29 తర్వాత ఉండదు. కావాలనుకునేవారు జూన్ 20లోపు తెలపండి." నాలుగు ముక్కల్లో టైపు చేసి డైరెక్టర్‌కు చూపించాను.

"సంతకం లేదు, సీలు లేదు, ఇదేం నోటీసమ్మా? ఎవడు లెక్కచేస్తాడు?"

"వెబ్‌సైట్ మీద సీలేంటి సార్?"

"ప్రింటు తీయి. సంతకం పెడతా, సీలు వేస్తా. స్కాన్ చేసి ఆ బొమ్మ పెట్టు. మన దగ్గర పద్ధతి అదే."

పద్ధతి! బొమ్మ పెడితే దాని వెనక అందులో ఏముందో మాటల్లో రాయాలని ఏడాదికి రెండుసార్లు అన్ని శాఖలకూ క్లాసు చెప్పేదాన్ని నేనే. చూపు లేనివాళ్లకు వాళ్ల కంప్యూటర్ ఆ మాటలే చదివి వినిపిస్తుంది. ఈ రోజు మాత్రం నేనే రాయలేదు. సీలు కావాలన్నాడుగా, సీలే పెట్టాను. నూట నలభై నాలుగు సైట్ల మీద ఒకే బొమ్మ, వంకరగా స్కాన్ అయిన సంతకం, సగం పడిన సీలు. ఒక్క మాట కూడా రాయలేదు. ఆయన తిక్క కుదరాలి.

జూన్ 20

లెక్క తేలింది. నూట పద్దెనిమిది సైట్లు మారుస్తున్నాను. నలభై అయిదు వదిలేస్తున్నాను. జవాబూ లేదు, ఏడాదిలో చూసినవాళ్లూ లేరు అంటే ఇక దేనికి?

పద్నాలుగేళ్ల కిందటి ఫుట్‌బాల్ పోటీల సైట్. తీసేశాను. "త్వరలో రాబోతోంది" అని తొమ్మిదేళ్లుగా చెప్తున్న ఒక పరిశోధన కేంద్రం. తీసేశాను. "వినే పుస్తకాలు", లైబ్రరీ వాళ్లది. బాధ్యుడు రెండేళ్ల కిందటే రిటైరయ్యాడు, ఉత్తరం తిరిగొచ్చింది. చూసినవాళ్లు సున్నా. తీసేశాను. ఎవరిదో పెళ్లి ఫోటోలు, రసాయనశాస్త్రం పేరు మీద. అది తీసేస్తుంటే నిజంగా సంతోషం వేసింది.

జూన్ 29, ఆదివారం

పొద్దున్న పది గంటలకు పెద్దాయనను ఆపేశాను. మా ఆయన స్కూటర్ మీద దింపి, చూస్తానని తనూ లోపలికొచ్చారు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు, ఏ యంత్రమైనా ఆగేటప్పుడు ఏదో జరుగుతుందని ఆయన నమ్మకం. బటన్ నొక్కాను. ఫ్యాన్ల మోత ఆగింది.

"అంతేనా?" అన్నారు.

"అంతే."

"ఇందుకా నెల రోజులు మమ్మల్ని కాల్చుకు తిన్నావు?"

ఒక్క సైట్ కూడా చెడిపోలేదు. బంగారు అక్షరాలు తిరుగుతున్నాయి. 4,87,212 అంకె కూడా భద్రంగా వచ్చింది. డైరెక్టర్ ఫోన్ చేసి "శభాష్" అన్నాడు. ఇంట్లో చెప్పేశాను పర్మనెంటు సంగతి. సాయంత్రానికి పక్కింటావిడ అభినందించింది.

జూలై 1

పాత డిస్కులు తుడిచేయమని ఆర్డరు. రెండున్నాయి. మొదటిది తుడిచాను, రోజంతా పట్టింది. రెండోది రేపు.

జూలై 2, బుధవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం రెండో డిస్కు పెట్టి, తుడిచే ప్రోగ్రాం తెరిచాను. ఎవరో గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, వినే పుస్తకాల సైట్ రావట్లేదండి. మూడు రోజులైంది," అన్నారు.

నేను తల ఎత్తలేదు. నెల రోజుల విసుగంతా నాలిక మీదే ఉంది. "మూడు వారాల ముందే నోటీసు పెట్టాం కదమ్మా! అంత పెద్ద నోటీసు, సీలు వేసి మరీ పెట్టాం. కనపడలేదా?"

తలెత్తాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి, చేతిలో తెల్ల కర్ర.

"లేదండి," అంది. "కనపడలేదు."

కోపంగా అనలేదు. అనుంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని.

కుర్చీ వేశాను. చరిత్రలో ఎం.ఏ. చివరి ఏడాది చదువుతోంది. లైబ్రరీ కింది అంతస్తులో చూపు లేని విద్యార్థులకు ఒక గది ఉందట, ఆరు కంప్యూటర్లు, పద్నాలుగు మంది. ఎవరెవరో పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేసి ఆ సైట్లో పెడుతుంటే వీళ్లు విని చదువుకుంటారట. ఆ లైబ్రరీ పై అంతస్తులోనే పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, ఆ గది ఉందని కూడా తెలియదు.

"నోటీసు పెట్టారా మేడమ్? మా కంప్యూటర్ పేజీలో ఉన్నదంతా చదివి వినిపిస్తుందండి. జూన్ మధ్య నుంచి పేజీ తెరవగానే 'ఇమేజ్' అనేది. ఏదో పూల బొమ్మ పెట్టారనుకున్నాం."

పూల బొమ్మ.

"పరీక్ష ఎప్పుడమ్మా?"

"చివరి పేపరు పద్నాలుగునండి. ఇందులో మంచి మార్కులొస్తేనే పరిశోధనలో సీటు. లేకపోతే మళ్లీ ఏడాది." కర్రను ఒళ్లో పెట్టుకుని అడిగింది. "పుస్తకాలు ఉన్నాయి కదండీ?"

"ఉంటాయి. చూసి చెప్తాను," అన్నాను. రెండో డిస్కును యంత్రంలోంచి బయటికి లాగి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నా వల్ల కాలేదు అక్కడ వదిలేసి రావడం.

జూలై 3

బ్యాకప్ అంతా రెండో డిస్కులో ఉంటుందని ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. చోటు చాలక అది రెండేళ్ల కిందటే ఆగిపోయింది. హెచ్చరిక ఉత్తరాలు వారం వారం వచ్చాయి. రిటైరైన ఆ లైబ్రరీ ఆయనకు వచ్చాయా అంటే కాదు. నాకే వచ్చాయి.

పాత పుస్తకాలన్నీ దొరికాయి. రెండేళ్లలో చేర్చినవి ముప్పై ఒకటి పోయాయి. ఆ అమ్మాయి పద్నాలుగో తారీకు పేపరు కొత్త సిలబస్. ఆ పుస్తకం పోయినవాటిలో ఉంది. చదివి పెట్టినాయన ఊరు మారిపోయాడట, ఆయన దగ్గర కాపీ లేదు.

ఎవరు ఏ సైట్ తెరిచారో రాసుకునే చిట్టా వేరే యంత్రంలో ఉంటుంది. అందులో జల్లెడ తీసేసి అసలు లెక్క చూశాను. జూన్ నెలలో ఆ గది నుంచి వినే పుస్తకాలు పద్దెనిమిది వందల సార్లు తెరిచారు. యూనివర్సిటీ హోంపేజీ తర్వాత ఎక్కువగా తెరిచిన సైట్ అదే. జూన్ 29 ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు కూడా ఒకరు వింటూ ఉన్నారు. నేను పదికి బటన్ నొక్కాను.

జవాబివ్వాల్సింది వాళ్లు కదా. లైబ్రరీ వాళ్లు కొత్త బాధ్యుణ్ణి పెట్టుకోవాలి కదా. సీలు పెట్టమన్నది డైరెక్టర్ కదా. నేనేం చేశాను?

జూలై 4

డైరెక్టర్‌కు చెప్పాను. నోటీసు వెనక మాటలు రాయలేదనీ, జల్లెడ సంగతీ, అంతా. ఆయన మొహంలో మొదట భయం కనిపించింది, తర్వాత అది నా మీద చిరాకు అయింది.

"ఫిర్యాదు రాసిచ్చిందా?"

"లేదు సార్, నోటితో అడిగింది."

"అయితే మనమే ముందు రాసిపెడదాం. రేపు ఎవరడిగినా ఫైల్లో ఉంటుంది."

ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను. "పద్దెనిమిది రోజుల ముందుగా నోటీసు ఇవ్వడమైనది. వినియోగదారుల నుంచి ఎటువంటి స్పందన రాలేదు. సాంకేతిక కారణాల వల్ల కొన్ని ఫైళ్లు లభ్యం కావడం లేదు." మూడు వాక్యాలు. దేన్నీ అబద్ధమని చూపించలేను. అందుకే నాకు ఒళ్లు మండిపోతోంది.

సంతకం పెట్టాను.

జూలై 5, శనివారం

పుస్తకం కొన్నాను. రెండు వందల ఎనభై ఆరు పేజీలు. తొమ్మిది రోజులు. నేనే చదువుతాను, పోయేదేముంది.

పడగ్గదిలో ఫ్యాన్ ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఈ పుస్తకం రాసినాయనకు ఫుల్‌స్టాప్ అంటే ఏంటో ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్కో వాక్యం అరపేజీ. ఊపిరి అందక మధ్యలో ఆగితే మొదలేంటో మర్చిపోతున్నాను. పన్నెండు పేజీలకు చెమటతో తడిసిపోయాను.

జూలై 6

గుమ్మం బయట నిలబడి వింటున్నారు అత్తగారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు ఆవిడది.

"అమ్మాయ్, నువ్వు చదువుతుంటే ఎవరినో కొట్టబోతున్నట్టుంది. ఇలా ఇవ్వు."

"మీకెందుకత్తయ్యా, పడుకోండి."

"పడుకుని ఏం చేయను? నీ అరుపులకి నిద్రొస్తుందా ఎవరికైనా?"

ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని గుక్క తిప్పుకోకుండా ఆరు పేజీలు చదివేశారు. మధ్యమధ్యలో "అర్థమైందా?" అని అడుగుతున్నారు, ఎదురుగా పిల్లలున్నట్టు. అది కూడా రికార్డయింది. తీసేయలేదు.

జూలై 8

చదివినంతవరకు రోజూ పొద్దున్నే ఆ గదికి వెళ్లి కంప్యూటర్లో ఎక్కించి వస్తున్నాను. ఈ రోజు ఆ అమ్మాయి ఒక్కతే ఉంది.

"మేడమ్, పుస్తకాలు ఎందుకు పోయాయో లైబ్రరీలో అడిగానండి. సాంకేతిక కారణాల వల్ల అన్నారు."

"అవునమ్మా."

"సాంకేతిక కారణం అంటే ఎవరండీ?"

వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది. ఈ యూనివర్సిటీలో ఏ ఆఫీసుకు వెళ్లినా, ఎవరో ఒకరి పేరు కనుక్కుని వెళ్తే తప్ప తనకు పని జరగదట, అందుకని.

"సర్వర్," అన్నాను. "పాతదైపోయింది."

నా నోరు పడిపోను.

జూలై 10

పొద్దున్న గదిలో అడుగు పెట్టగానే పద్నాలుగు మందీ నవ్వడం మొదలుపెట్టారు.

"మేడమ్," అందా అమ్మాయి, "నూట డెబ్బై రెండో పేజీలో, రైతుల తిరుగుబాటు మధ్యలో, మీరు ఎవరినో 'సీలు మొహం వెధవ' అన్నారు. అది సిలబస్‌లో ఉందాండీ?"

నిన్న సాయంత్రం చదువుతుంటే డైరెక్టర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఫోన్ రికార్డింగులో ఉన్న సంగతి మర్చిపోయాను.

"తీసేస్తాను."

"వద్దండి," అన్నాడు మూలనున్న అబ్బాయి. "ఆ పేజీ ఒక్కటే మా అందరికీ నోటికొచ్చింది."

ఎన్నాళ్లకు నవ్వానో.

జూలై 12, శనివారం

ఆ మెసేజ్ కమిటీ ఫైలు గురించే. పదకొండేళ్లలో నేను చేసిన పనులన్నీ కాగితం మీద పెట్టి, సోమవారానికల్లా ఇవ్వాలట. నిన్నా ఈ రోజూ అదే పని. రెండు రోజులే కదా. అత్తగారు చదువుతానన్నారు కానీ గొంతు బొంగురుపోయింది.

జూలై 13

రెండు వందల నలభై నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాం. చివరి అధ్యాయం మిగిలింది. అందులోంచి ప్రశ్నలు తక్కువే వస్తాయట.

జూలై 14

ఇరవై మార్కుల ప్రశ్న. చివరి అధ్యాయంలోంచి.

జూలై 16, బుధవారం

ఆ అమ్మాయి మళ్లీ పరీక్ష పెట్టమని దరఖాస్తు ఇచ్చింది. యూనివర్సిటీ పొరపాటు వల్ల చదువుకునే సామగ్రి పోతే ఆ పేపరు మళ్లీ రాయొచ్చని నియమం ఉంది. విద్యార్థి నిర్లక్ష్యమైతే లేదు, ఏడాది ఆగాల్సిందే. పరీక్షల విభాగం వాళ్లు మా సెంటర్‌ను వివరణ అడిగారు. డైరెక్టర్ నా మూడు వాక్యాల కాగితాన్ని పంపించేశాడు. ముందే నోటీసిచ్చాం, స్పందన రాలేదు. అంటే తప్పు ఆ పిల్లదే అని తేలుతుంది, నా సంతకం సాక్షిగా.

గడువు ఇరవై ఒకటి సాయంత్రం. కొత్త వివరాలేమైనా ఉంటే ఆలోపే ఇవ్వాలట.

కమిటీ ఇరవై రెండు. ఒక్క రోజు తేడా. ఎవడు పెట్టాడో ఈ తారీకులు, వాడి చేతులు విరగ.

జూలై 18

ఇరవై రెండు తర్వాత రాస్తాను. అన్నీ వివరంగా రాస్తాను. పర్మనెంటయ్యాక ఎవరూ నన్నేమీ అనలేరు, ఇంకా గట్టిగా రాయొచ్చు. గడువు దాటినా వాళ్లు ఒప్పుకుంటారు, మనుషులే కదా.

జూలై 19

ఒప్పుకోరు. కనుక్కున్నాను.

జూలై 20, ఆదివారం

మా ఆయనకు మొత్తం చెప్పాను. మెషిన్ సూదికి దారం ఎక్కిస్తూ విన్నారు.

"రాస్తే పోస్టు పోతుందా?"

"పోతుంది. ఒక్క ఫిర్యాదు చాలన్నాడు. ఇది నా మీద నేనే ఇచ్చుకునే ఫిర్యాదు."

"రాయకపోతే?"

"రాయకపోతే ఏముంది, సుఖంగా ఉంటాం!" అని అరిచాను. "పదకొండేళ్లండీ! పదకొండేళ్లు ప్రతి మార్చిలో ఆ కాగితం కోసం ఎదురుచూడ్డం ఎలా ఉంటుందో తెలుసా మీకు? అందరూ తప్పులు చేస్తారు, అందరూ చేతులు దులుపుకుంటారు. నేనొక్కదాన్నే నిజం చెప్పాలా?"

"నేనేమన్నా చెప్పమన్నానా?" అన్నారు ఆయన. "మరి ఎవరి మీద అరుస్తున్నావు?"

అత్తగారు పక్కగదిలోంచి, బొంగురు గొంతుతోనే, "ఆ చివరి అధ్యాయం ఇక్కడ పెట్టు, పొద్దున్నే చదివిపెడతాను," అన్నారు. పరీక్ష అయిపోయిందని ఆవిడకు చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

"మళ్లీ ఉంటుందిగా," అన్నారు.

జూలై 21, సోమవారం

రాశాను. ముందు ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నాను. నోటీసును బొమ్మగా పెట్టింది నేను. దాని వెనక మాటలు రాయాలని తెలిసీ రాయనిది నేను. క్యాంపస్ లోపలి వాళ్లు లెక్కలోకి రాకుండా చేసింది నేను. బ్యాకప్ హెచ్చరికలు చదవనిది నేను. ఆ విద్యార్థినికి నోటీసు అందే దారే లేదు. ఒక పేజీ అయింది.

ఒక కాపీ డైరెక్టర్‌కు ఇచ్చాను. మొత్తం చదవలేదు, కళ్లతో వెతికాడు.

"నా పేరు రాశావా ఇందులో?"

"లేదు సార్."

మీ పేరు రాస్తే తప్పులో సగం మీకివ్వాలి, సగం పంచుకునే మొహమేనా మీది, అని మనసులోనే అనుకున్నాను. బొమ్మ పెట్టమన్నది ఆయనే. వెనక మాటలు రాయొద్దని మాత్రం ఆయన అనలేదు, అది నా తిక్క.

"ఒక్కరోజు ఆగలేవా? ఒక్కటంటే ఒక్కరోజు!"

"గడువు ఇవాళ్టితో అయిపోతుంది సార్."

"ఆ అమ్మాయికి పోయేది ఒక్క ఏడాది. నీకు పోయేది పదకొండేళ్లమ్మా. లెక్క రాదా నీకు?"

"ఆ అమ్మాయి ఏడాదిని మీరూ నేనూ లెక్కకట్టడమేంటి సార్?" గట్టిగానే వచ్చింది, బయట ఇద్దరు తలలు పెట్టి చూశారు. "మన దగ్గర పద్ధతి, మన దగ్గర పద్ధతి అని పద్ధతి ప్రకారమే చేశాం కదా అంతా! పద్నాలుగు మంది నెల రోజులు రోజూ ఆ పేజీ తెరిచారు. మనం వాళ్లకి చెప్పలేదు. అది రాశాను, అంతే."

ఆయన ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు. నేను పరీక్షల విభాగానికి నడిచివెళ్లి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను. నాలుగు గంటల పది నిమిషాలైంది. ధైర్యం అంటారు గానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఒళ్లంతా మంటతో కూడిన ఏడుపు.

ఆ గదికి వెళ్లి అమ్మాయికి చెప్పాను, సర్వర్ పాతదైపోయిందని అబద్ధం చెప్పానని. సాంకేతిక కారణం నేనేనని.

"నాకు కోపం వచ్చింది మేడమ్," అంది. "ఇప్పుడు కాదు, రెండో తారీకునే వచ్చింది. కనపడలేదా అన్నారు చూడండి, అప్పుడు. మీతో పనుందని ఊరుకున్నాను."

"తిట్టాల్సింది."

"పుస్తకం అయిపోయాక తిడదామనుకున్నాను. అది అయిపోలేదుగా."

జూలై 22

కమిటీ నన్ను పిలవలేదు. పోస్టు ఈసారికి ఖాళీగా ఉంచారట. నా కాంట్రాక్టు మార్చిదాకా ఉంటుంది, తర్వాత చూస్తారట. చూడనీ.

అత్తగారు వీధిలో అందరికీ మళ్లీ చెప్పుకొచ్చారు, ఈసారి మా కోడలు వద్దంది అని. ఎంత కోపమొచ్చిందంటే, నవ్వొచ్చింది.

జూలై 25

మళ్లీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆగస్టు 4. చివరి అధ్యాయం నలభై రెండు పేజీలు. నేను ఇరవై, అత్తగారు ఇరవై రెండు. నాకంటే ఎక్కువ చదవాలని ఆవిడ పట్టుదల.

జూలై 30

ఆ అమ్మాయి అధ్యాయం నాలుగుసార్లు విన్నదట. రెండు చోట్ల పేర్లు తప్పు చదివానని చెప్పింది. మళ్లీ చదివాను. ఇప్పుడు ఆ నలభై రెండు పేజీలు నన్ను ఎప్పుడడిగినా చెప్తాను. పోగొట్టుకున్న పోస్టు మొత్తం ఆ నలభై రెండు పేజీల్లోనే ఉంది నాకు.

ఆగస్టు 4, సోమవారం

సెలవు పెట్టి పరీక్ష హాలు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఒంటిగంటకు ఆ అమ్మాయి బయటికొచ్చింది, పక్కన తను చెబుతుంటే పరీక్ష రాసిపెట్టినావిడ. నేనున్నానని ఎలా తెలిసిందో, నేరుగా నా వైపే నడిచింది.

"ఎలా రాశావు?"

"బాగా రాశానండి. అన్నీ వచ్చినవే."

"చివరి అధ్యాయం ఏం అడిగాడు?"

అటూ ఇటూ తల తిప్పింది. ఎందుకు నవ్వు ఆపుకుంటోందో నాకు అర్థం కాలేదు.

"ఏమీ అడగలేదు మేడమ్."

"ఏమీ?"

"ఒక్క మార్కుకి కూడా అడగలేదండి."

బెంచీ మీంచి లేచాను. నలభై రెండు పేజీలు! అత్తగారి గొంతు! నా పదకొండేళ్లు! ఒక్క మార్కు! ఆ ప్రశ్నాపత్రం తయారుచేసినవాడు ఎవడో, వాడి గది ఎక్కడో నాకు ఇప్పుడే తెలియాలని, ఆ వరండా మొత్తం వినపడేలా అరిచాను. హాల్లోంచి ఇన్విజిలేటర్ బయటికి వచ్చాడు. ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"మేడమ్, మేడమ్, ఇప్పుడు కాదు," అంది. "ముందు ఫలితాలు రానివ్వండి. తర్వాత ఇద్దరం కలిసి వెళ్లి తిడదాం."